రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్ ఎక్కడ ఆగింది? చిన్న ఆఫీసు నెట్‌వర్క్‌లో కారణం పట్టుకునే పద్ధతి

"రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్ అవ్వట్లేదు" అన్న ఒక్క ఫిర్యాదు కింద నాలుగు వేర్వేరు సమస్యలు దాక్కుని ఉంటాయి. అవతలి కంప్యూటర్ నెట్‌వర్క్‌లో దొరకకపోవచ్చు. దొరికినా రిమోట్ డెస్క్‌టాప్ వినే దాని 3389 పోర్టు పలకకపోవచ్చు. పోర్టు పలికాక పాస్‌వర్డ్ దగ్గర తిప్పికొట్టొచ్చు. పాస్‌వర్డ్ ఒప్పుకున్నాక కూడా సెషన్ తెరుచుకోకపోవచ్చు. సీట్లో కూర్చున్న మనిషికి నాలుగూ ఒకటే: పని మొదలవ్వట్లేదు. దాంతో చాలాచోట్ల పాస్‌వర్డ్ సమస్యకు ఫైర్‌వాల్ ఆపేస్తారు, ఫైర్‌వాల్ సమస్యకు పాస్‌వర్డ్ మారుస్తారు, రెండూ పని చేయకపోతే ఎన్‌ఎల్‌ఏ (డెస్క్‌టాప్ చూపించకముందే గుర్తింపు అడిగే రక్షణ) తీసేస్తారు. ఈ మధ్యలో ఏదో ఒకటి తగిలి పని నడుస్తుంది. ఏది బాగుచేసిందో మాత్రం ఎవరికీ తెలియదు, తీసేసిన రక్షణలు మళ్లీ పెట్టేవాళ్లూ ఉండరు.

కాబట్టి ఏ సెట్టింగూ ముట్టుకోకముందే తేల్చుకోవాల్సింది ఒక్కటి: కనెక్షన్ ఏ దశలో ఆగుతోంది? విండోస్‌లో మామూలుగా ఉండే రిమోట్ డెస్క్‌టాప్ క్లయింట్ ముందు అవతలి మెషీన్‌ను చేరుకుని, ఆ తర్వాతే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. అంటే ఆ చిన్న బాక్స్ వచ్చిందంటే పేరు, ఐపీ, పోర్టు, ఫైర్‌వాల్ అన్నీ దాటినట్టే. ప్రతిసారీ క్రెడెన్షియల్స్ అడగమనే టిక్ పెట్టి ఉన్నా, మధ్యలో గేట్‌వే (బయటి కనెక్షన్లను లోపలి మెషీన్లకు దాటించే సర్వర్) ఉన్నా ఈ లెక్క కుదరదు. పాస్‌వర్డ్ ముందే సేవ్ చేసి ఉంటే బాక్సే రాదు. మిగతా సందర్భాల్లో ఈ ఒక్క గుర్తుతోనే సగం కారణాలు పక్కకు పోతాయి. బాక్స్ రాకుండా కొన్ని సెకన్లు తిరిగి "కనెక్ట్ కాలేకపోతున్నాం" అంటే నెట్‌వర్క్ వైపు చూడాలి. బాక్స్ వచ్చి, పాస్‌వర్డ్ కొట్టగానే వెనక్కి పంపితే ఖాతా వైపు చూడాలి. రిమోట్ మెషీన్ వాల్‌పేపర్ కనిపించి అక్కడ నల్లబడితే అది లాగిన్ సమస్యే కాదు.

మాక్‌లో ఇప్పుడు విండోస్ యాప్ అని పిలిచే క్లయింట్ వాడేవాళ్లకు ఇంకో గుర్తు ఉంది. ఎర్రర్ 0ఎక్స్104 అంటే ఆ పేరుతో కంప్యూటర్ దొరకలేదని. 0ఎక్స్204 అంటే చేరుకోలేకపోయిందని: పోర్టు మూసి ఉందనో, మెషీన్ నిద్రపోయిందనో, రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేయలేదనో అర్థం.

అవతలి మెషీన్ అసలు సిద్ధంగా ఉందా

విండోస్ హోమ్ ఎడిషన్ నుంచి వేరే మెషీన్‌కు కనెక్ట్ అవ్వొచ్చు, హోమ్ ఎడిషన్‌లోకి మాత్రం ఎవరూ రిమోట్ డెస్క్‌టాప్‌తో రాలేరు. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్, సర్వర్ ఎడిషన్లకే ఆ సౌకర్యం. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌తో పాత డెస్క్‌టాప్‌ను మార్చినప్పుడు ఇదే మొదట చూడాలి, ఎందుకంటే మిగతా సెట్టింగులన్నీ గంటసేపు వెతికినా ఫలితం ఉండదు. సెట్టింగ్స్, సిస్టమ్, రిమోట్ డెస్క్‌టాప్ పేజీ తెరిస్తే ఎడిషన్ సపోర్ట్ చేయదని అక్కడే రాసి ఉంటుంది. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ప్యాచ్‌లతో హోమ్‌లోనూ నడిపించే ఉపాయాలు ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి. అవి విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా తెగిపోతాయి, లైసెన్స్ షరతులకూ విరుద్ధం. ఆఫీసు పనికి వాటిని నమ్ముకోకూడదు.

తర్వాత నిద్ర. ఉదయం బాగా పనిచేసి మధ్యాహ్నం దొరకని మెషీన్ అంటే మొదటి అనుమానం స్లీప్ మీదే. స్క్రీన్ ఆపేయడం వేరు, స్లీప్ వేరు. పవర్ సెట్టింగ్స్‌లో ప్లగ్ పెట్టి ఉన్నప్పుడు "ఎప్పుడూ నిద్రపోవద్దు" అని ఉండాలి. స్క్రీన్ ఆరిపోతే నష్టం లేదు. ల్యాప్‌టాప్‌ను సర్వర్‌లా వాడేచోట మూత వేసినప్పుడు ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ కూడా చూడాలి. కేబుల్ మీద ఉన్న డెస్క్‌టాప్‌లకు వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ మీదుగా మెషీన్‌ను నిద్ర లేపే సౌకర్యం) ఉపయోగపడుతుంది, కానీ దాన్ని బయోస్‌లోనూ నెట్‌వర్క్ కార్డ్ డ్రైవర్‌లోనూ రెండుచోట్లా ఆన్ చేయాలి. వైఫై మీద దాన్ని నమ్ముకోవద్దు.

ఆన్, ఆఫ్ బటన్ బూడిద రంగులో ఉండి కదలకపోతే గ్రూప్ పాలసీ (అడ్మిన్ పెట్టే కట్టుబాటు సెట్టింగులు) దాన్ని పట్టుకుని ఉన్నట్టు. రిజిస్ట్రీలో ఎఫ్‌డినైటీఎస్‌కనెక్షన్స్ అనే విలువ 0 ఉంటే అనుమతి, 1 ఉంటే నిషేధం. ఇది రెండుచోట్ల ఉండొచ్చు: టెర్మినల్ సర్వర్ కీ కింద మామూలుది, పాలసీస్ కీ కింద పాలసీ పెట్టింది. పాలసీదే పైచేయి. మామూలుదాన్ని 0 చేసి, పాలసీదాన్ని మరిచిపోయి, "రిజిస్ట్రీ మార్చినా పని చేయట్లేదు" అనడం తరచూ జరిగేదే.

పేరు, ఐపీ

చిన్న ఆఫీసుల్లో ఐపీలన్నీ రౌటర్ పంచిపెడుతుంది. కరెంటు పోయి వచ్చాక, రౌటర్ మార్చాక, మెషీన్ కొన్ని రోజులు ఆపి ఉంచాక ఐపీ మారిపోతుంది. క్లయింట్‌లో పాత ఐపీ సేవ్ చేసుకున్నవాళ్లకు ఆ రోజు నుంచి కనెక్షన్ ఉండదు. కొన్నిసార్లు అదే ఐపీ ఇంకో కంప్యూటర్‌కు వెళ్తుంది. అప్పుడు పాస్‌వర్డ్ బాక్స్ వస్తుంది, పాస్‌వర్డ్ మాత్రం తప్పంటుంది, ఎందుకంటే తలుపు తీసింది వేరే మెషీన్. సర్టిఫికెట్ హెచ్చరికలో కనిపించే పేరును ఎవరూ చదవరు. ఈ సందర్భంలో అసలు విషయం చెప్పేది ఆ పేరే.

దీనికి విరుగుడు మెషీన్‌లో చేత్తో ఐపీ రాయడం కన్నా, రౌటర్‌లో ఆ మెషీన్ మ్యాక్ అడ్రస్‌కు (నెట్‌వర్క్ కార్డ్ సొంత నంబరుకు) ఒక ఐపీని కేటాయించి పెట్టడం. చేత్తో రాసిన ఐపీ రౌటర్ పంచే పరిధిలోనే ఉంటే, రేపు రౌటర్ అదే నంబరు ఇంకో ఫోన్‌కు ఇచ్చేస్తుంది. అప్పుడు కనెక్షన్ ఓసారి కలిసి ఓసారి తెగే వింత మొదలవుతుంది.

డొమైన్ ఉన్న ఆఫీసులో, అంటే ఖాతాలన్నీ డొమైన్ కంట్రోలర్ అనే ఒక సర్వర్ చూసుకునేచోట, ఇంకో పొరపాటు బాగా కనిపిస్తుంది. "ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంది" అని ఎవరో నెట్‌వర్క్ కార్డ్‌లో రెండో డీఎన్‌ఎస్‌గా (పేర్లను ఐపీలుగా మార్చి చెప్పే సర్వర్‌గా) 8.8.8.8 పెడతారు. ఆ పబ్లిక్ డీఎన్‌ఎస్‌కు ఆఫీసు డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందో తెలియదు. విండోస్ ఎప్పుడు దాన్ని అడిగితే అప్పుడు లాగిన్ విఫలమవుతుంది, మొదటిదాన్ని అడిగినప్పుడు బాగుంటుంది. డొమైన్‌లో ఉన్న ప్రతి మెషీన్‌కూ డొమైన్ కంట్రోలర్ ఐపీ ఒక్కటే డీఎన్‌ఎస్‌గా ఉండాలి. బయటి పేర్లను ఆ సర్వరే ఫార్వర్డర్ ద్వారా కనుక్కుంటుంది.

పోర్టు: పింగ్‌ను నమ్మవద్దు

పింగ్‌కు జవాబు వచ్చిందంటే మెషీన్ ఆన్‌లో ఉందని మాత్రమే. రాలేదంటే దాదాపు ఏమీ తెలిసినట్టు కాదు, ఎందుకంటే విండోస్ ఫైర్‌వాల్ చాలాసార్లు పింగ్‌ను ఆపుతుంది. అసలు పరీక్ష పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్. దానికి కంప్యూటర్ పేరు, పోర్టు నంబరు 3389 ఇస్తే, ఆ పేరు ఏ ఐపీగా తేలిందో, మన వైపు ఏ నెట్‌వర్క్ కార్డ్ నుంచి వెళ్లిందో, చివరగా టీసీపీ కనెక్షన్ కుదిరిందో లేదో ట్రూ, ఫాల్స్‌గా చూపిస్తుంది. పేరు తప్పు ఐపీకి వెళ్తుంటే అదీ ఇక్కడే బయటపడుతుంది.

ఈ పరీక్షను మూడు చోట్ల నుంచి చేయాలి: ఆ మెషీన్ నుంచి దానికే, అదే స్విచ్ మీద ఉన్న పక్క మెషీన్ నుంచి, చివరగా ఫిర్యాదు చేసిన మనిషి మెషీన్ నుంచి. తనకు తానే పలకకపోతే సర్వీస్ నడవట్లేదు, లేదా వేరే పోర్టు మీద వింటోంది. తనకు పలికి పక్క మెషీన్‌కు పలకకపోతే ఫైర్‌వాల్ లేదా యాంటీవైరస్. పక్కదానికీ పలికి దూరపు మెషీన్‌కు పలకకపోతే దారిలో ఉన్న రౌటర్, వీఎల్‌ఏఎన్ (ఒకే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్క్), వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కు వేసే రక్షిత దారి), లేదా వైఫైలో క్లయింట్లను ఒకదానికొకటి కనిపించకుండా చేసే ఐసొలేషన్ సెట్టింగ్. గెస్ట్ వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్‌కు ఆఫీసు డెస్క్‌టాప్ కనిపించకపోవడం లోపం కాదు, ఆ వైఫై ఉద్దేశమే అది.

వెంటనే తిరస్కరిస్తే సర్వీస్ లేదని, చాలాసేపు ఆగి విఫలమైతే ఫైర్‌వాల్ అని ఒక పాత లెక్క ఉంది. విండోస్ విషయంలో ఇది మోసం చేస్తుంది. విండోస్ ఫైర్‌వాల్‌కు స్టెల్త్ మోడ్ ఉంటుంది. ఎవరూ వినని పోర్టుకు వచ్చిన అభ్యర్థనకు కూడా అది తిరస్కారం పంపకుండా మౌనంగా ఉండిపోతుంది. కాబట్టి బయటి నుంచి చూస్తే సర్వీస్ ఆగిపోవడం, ఫైర్‌వాల్ అడ్డుపడటం ఒకేలా కనిపిస్తాయి. అవతలి మెషీన్ దగ్గర కూర్చుని నెట్‌స్టాట్‌లో 3389 పక్కన లిజనింగ్ అని ఉందో లేదో చూడటమే నికరం.

పోర్టు మార్చిన చోట్ల ఇంకో చిక్కు. రిజిస్ట్రీలో పోర్ట్‌నంబర్ విలువ తెరిస్తే అది మొదట హెక్సాడెసిమల్‌లో కనిపిస్తుంది. 3389 అక్కడ డీ3డీ. డెసిమల్ అని ఎంచుకోకుండా 3390 అని కొడితే సర్వీస్ వినేది 13200 పోర్టు మీద. పైగా విండోస్‌లో ముందే ఉండే ఫైర్‌వాల్ రూల్ 3389కే వర్తిస్తుంది, కొత్త పోర్టుకు వేరే రూల్ రాయాలి. సర్వీస్‌ను రీస్టార్ట్ చేసేదాకా మార్పు అమల్లోకి రాదు. కనెక్ట్ అయ్యేటప్పుడు పేరు తర్వాత కోలన్ పెట్టి పోర్టు రాయాలి. ఇంత చేసి వచ్చే భద్రత చాలా తక్కువ. పోర్టులన్నీ వెతికే స్కానర్లు కొత్త నంబరును కూడా పట్టేస్తాయి.

ఫైర్‌వాల్ అనుమానం ఉంటే దాన్ని పూర్తిగా ఆపేయకుండా "రిమోట్ డెస్క్‌టాప్ యూజర్ మోడ్ టీసీపీ ఇన్" అనే రూల్‌ను తెరిచి రెండు విషయాలు చూడాలి. ఏ ప్రొఫైల్‌లకు (పబ్లిక్, ప్రైవేట్, డొమైన్ అనే నెట్‌వర్క్ రకాలకు) అది ఆన్‌లో ఉంది? స్కోప్‌లో ఏ ఐపీల నుంచి అనుమతి? రౌటర్ మార్చగానే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్‌గా భావించి పబ్లిక్ ప్రొఫైల్‌లో పడేస్తుంది. రూల్ ప్రైవేట్‌కు మాత్రమే ఉంటే నిన్నటిదాకా నడిచింది ఇవాళ ఆగిపోతుంది. స్కోప్‌లో లోకల్ సబ్‌నెట్ అని ఉంటే ఆఫీసులో కూర్చున్నవాళ్లకు పనిచేసి, వీపీఎన్ మీద వచ్చేవాళ్లకు మాత్రం మూసుకుని ఉంటుంది.

పాస్‌వర్డ్ దగ్గర ఆగితే

గంటల కొద్దీ సమయం పోయేది ఇక్కడే. ముందు ఎన్‌ఎల్‌ఏ సంగతి. నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ అంటే లోపలి డెస్క్‌టాప్ చూపించకముందే గేటు దగ్గర గుర్తింపు అడిగే కాపలాదారు లాంటిది. విస్టా, సర్వర్ 2008 కాలం నుంచి ఉంది. ఇది లేకపోతే ఎవరైనా సరే పాస్‌వర్డ్ లేకుండానే లాగిన్ స్క్రీన్ దాకా రాగలరు. 2019లో బయటపడిన బ్లూకీప్ లోపం పాస్‌వర్డ్ లేనివాళ్లు కూడా వాడుకోగలిగింది. ఎన్‌ఎల్‌ఏ ఉన్న మెషీన్లలో అలా ముందుగా చొరబడే దారి మూసుకుంది. దాన్ని తీసేయడం కారణం తెలుసుకోవడానికి ఐదు నిమిషాల పరీక్షగా పనికొస్తుంది, పరిష్కారంగా కాదు. తీసేస్తే లాగిన్ అవుతుందంటే ఒకటే తేలుతుంది: నెట్‌వర్క్ బాగుంది, సమస్య ఖాతాలోనో క్రెడ్‌ఎస్‌ఎస్‌పీలోనో (పాస్‌వర్డ్ వివరాలను అవతలి మెషీన్‌కు చేరవేసే విండోస్ పద్ధతి) డొమైన్‌తో సంబంధంలోనో ఉంది. ఆ సంగతి తెలిశాక వెంటనే మళ్లీ పెట్టేయాలి.

క్లయింట్ తెర మీద "యువర్ క్రెడెన్షియల్స్ డిడ్ నాట్ వర్క్" అనో "లాగాన్ అటెంప్ట్ ఫెయిల్డ్" అనో వస్తుంది. ఆ మాటలు ఊరికే నోరు విప్పవు. పేరు తప్పా, పాస్‌వర్డ్ తప్పా, ఖాతా లాక్ అయిందా అన్నది బయటివాళ్లకు తెలియకూడదనే అవి అలా ఉంటాయి. నిజం అవతలి మెషీన్ ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్‌లో ఉంటుంది. విఫలమైన లాగిన్ నంబరు 4625. ఒక మెలిక గుర్తుంచుకోవాలి: రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్ టైప్ 10 అని అందరూ చదివి ఉంటారు, కానీ ఎన్‌ఎల్‌ఏ ఉన్నప్పుడు విఫలమైన ప్రయత్నం టైప్ 3గా నమోదవుతుంది. 10 అని ఫిల్టర్ పెట్టి వెతికినవాళ్లకు లాగ్ ఖాళీగా కనిపిస్తుంది.

4625లో స్టేటస్, సబ్ స్టేటస్ అని రెండు కోడ్‌లు ఉంటాయి. సబ్ స్టేటస్‌లో అసలు కారణం ఉంటుంది, అది సున్నా అయితే స్టేటస్ చూడాలి. పొడుగాటి సున్నాల తర్వాత వచ్చే చివరి అంకెలు చదివితే చాలు. 64 అంటే ఆ పేరుతో ఖాతానే లేదు. 6ఏ అంటే పేరు సరే, పాస్‌వర్డ్ తప్పు. 234 అంటే లాక్ అయింది. 72 అంటే ఖాతా డిసేబుల్ చేసి ఉంది. 71 పాస్‌వర్డ్ గడువు తీరింది, 224 పాస్‌వర్డ్ మార్చి తీరాలి, 193 ఖాతా గడువే తీరింది. 6ఎఫ్ అంటే అనుమతించిన సమయాలు కావు. 6ఈ ఖాతా మీద ఆంక్ష. 15బీ అంటే పాస్‌వర్డ్ సరైనదే కానీ ఈ దారిలో రావడానికి హక్కు లేదు. 133 అంటే గడియారాల తేడా. 4625 అసలు నమోదే కాకపోతే రెండు అర్థాలు: ఆ మెషీన్‌లో ఫెయిల్యూర్ ఆడిట్ ఆన్‌లో లేదు, లేదా అభ్యర్థన అక్కడిదాకా రానేలేదు. ఆడిట్ ఆన్ చేసి మళ్లీ ప్రయత్నించాకే రెండోది అనుకోవాలి.

64 వస్తే యూజర్ నేమ్ రాసిన తీరు చూడాలి. డొమైన్ లేని ఆఫీసులో ఉత్త పేరు కొడితే క్లయింట్ దానికి తన సొంత కంప్యూటర్ పేరునో, పోయినసారి వాడిన డొమైన్‌నో తగిలించొచ్చు. అవతలి కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, ఖాతా పేరు అని పూర్తిగా రాస్తే ఈ అనుమానం పోతుంది. విండోస్ లాగిన్ తెర మీద పెద్దగా కనిపించే పూర్తి పేరు చాలాసార్లు ఖాతా పేరు కాదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెటప్ చేసిన మెషీన్లలో లోపలి పేరు ఈమెయిల్‌లోని మొదటి ఐదు అక్షరాలుగా ఉంటుంది. అక్కడ కమాండ్ ప్రాంప్ట్‌లో హూయామ్‌ఐ కొడితే సరైన పేరు వచ్చేస్తుంది.

మైక్రోసాఫ్ట్ ఖాతాకు ఇంకో పెద్ద తలనొప్పి ఉంది. ఆ మనిషి రోజూ పిన్‌తోనో వేలిముద్రతోనో తెరుస్తాడు, రిమోట్ డెస్క్‌టాప్‌లోనూ అదే పిన్ కొడతాడు. పిన్ ఆ మెషీన్‌కే పరిమితం, నెట్‌వర్క్ మీద చెల్లదు. ఈమెయిల్ ఖాతా పాస్‌వర్డ్ కావాలి. అది సరిగ్గా కొట్టినా ఒప్పుకోకపోతే, ఆ మెషీన్‌లో ఆ పాస్‌వర్డ్‌తో ఎన్నడూ లాగిన్ కాలేదేమో చూడాలి. మొదటి రోజు నుంచీ పిన్ మాత్రమే వాడిన మెషీన్ దగ్గర పోల్చి చూసుకోవడానికి పాస్‌వర్డ్ నిల్వ ఉండదు. అవతలి మెషీన్ ముందు కూర్చుని ఒక్కసారి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే సరిపోతుంది. సెట్టింగ్స్‌లో విండోస్ హలో మాత్రమే అనుమతించే ఆప్షన్ ఆన్‌లో ఉంటే లాగిన్ తెర మీద పాస్‌వర్డ్ దారే కనిపించదు, ముందు దాన్ని ఆఫ్ చేయాలి. ఆఫీసు మెషీన్లకు రిమోట్ పని కోసమే ఒక లోకల్ ఖాతా పెట్టుకోవడం ఈ తంటా అంతటికన్నా సులువు.

పాస్‌వర్డే లేని లోకల్ ఖాతాతో రిమోట్‌గా రావడానికి విండోస్ డిఫాల్ట్‌గా ఒప్పుకోదు. అప్పుడు వచ్చేదే 6ఈ. ఆ పాలసీని మార్చే ఆలోచన వద్దు, ఖాతాకు పాస్‌వర్డ్ పెట్టాలి. 15బీ వస్తే యూజర్‌ను ఆ మెషీన్‌లోని రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో చేర్చాలి. డొమైన్ కంట్రోలర్ మీద మాత్రం ఆ గ్రూపులో చేర్చినంత మాత్రాన సరిపోదు, హక్కును పాలసీలో విడిగా ఇవ్వాలి. అసలు మామూలు యూజర్లు డొమైన్ కంట్రోలర్‌లోకి ఎందుకు లాగిన్ అవుతున్నారన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

గడువు తీరిన పాస్‌వర్డ్, మొదటి లాగిన్‌లో మార్చాల్సిన పాస్‌వర్డ్ ఎన్‌ఎల్‌ఏతో చిక్కులో పడేస్తాయి. పాస్‌వర్డ్ మార్చే తెర లోపల ఉంటుంది, లోపలికి పోవాలంటే చెల్లే పాస్‌వర్డ్ కావాలి. కొత్త ఉద్యోగికి ఖాతా తెరిచి "మొదటిసారి మార్చుకోవాలి" అని టిక్ పెట్టి, ఆ మనిషిని ఇంటి నుంచి పని మొదలుపెట్టమంటే జరిగేది ఇదే. ఆఫీసులో ఏదైనా మెషీన్ మీద ఒకసారి మార్పించాలి, లేదా టిక్ తీసి తాత్కాలిక పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వచ్చాక మార్పించాలి.

6ఏ పదేపదే వస్తుంటే, మనిషి కొట్టిన పాస్‌వర్డ్ కన్నా ముందు సేవ్ అయి ఉన్న పాస్‌వర్డ్‌ను అనుమానించాలి. క్రెడెన్షియల్ మేనేజర్‌లో విండోస్ క్రెడెన్షియల్స్ కింద టెర్మ్‌ఎస్‌ఆర్‌వీ అని మొదలయ్యే వరుసలుంటాయి. పేరుతో ఒకటి, ఐపీతో ఒకటి విడివిడిగా సేవ్ అవుతాయి. ఒకటి తీసి రెండోది మరిచిపోవడం మామూలే. తర్వాత కీబోర్డ్. లాగిన్ బాక్స్‌లో తెలుగు లేఅవుట్ ఎంచుకుని ఉన్నా, రెండు మెషీన్లలో ఇంగ్లిష్ లేఅవుట్లు వేర్వేరు దేశాలవైనా, పాస్‌వర్డ్‌లోని ఎట్ గుర్తు, హ్యాష్ గుర్తు మారిపోతాయి. అనుమానం తీరాలంటే పాస్‌వర్డ్‌ను ముందు యూజర్ నేమ్ గడిలో కొట్టి కళ్లతో చూసి, చెరిపేసి, తర్వాత దాని గడిలో కొట్టాలి. పక్కన ఎవరూ లేనప్పుడు మాత్రమే.

లాక్ అవుతూనే ఉండే ఖాతా

కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్ 11లో 22హెచ్2 నుంచి 10 తప్పు ప్రయత్నాలకు 10 నిమిషాల లాక్ డిఫాల్ట్‌గా వస్తుంది. అన్‌లాక్ చేసిన కాసేపటికే మళ్లీ లాక్ అవుతుంటే, ఎక్కడో ఒక చోట పాత పాస్‌వర్డ్ తనంతట తాను ప్రయత్నిస్తోందని అర్థం. మ్యాప్ చేసిన డ్రైవ్, షెడ్యూల్ టాస్క్, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌తో స్కాన్ ఫైళ్లను షేర్డ్ ఫోల్డర్‌లో వేసే ప్రింటర్, సైన్ ఔట్ చేయకుండా విండో మూసి వదిలేసిన పాత సెషన్, వీటిని ఈ వరుసలో చూడాలి. డొమైన్ ఉంటే కంట్రోలర్‌లో 4740 ఈవెంట్ ఏ కంప్యూటర్ నుంచి లాక్ అయిందో పేరు చెబుతుంది. డొమైన్ లేకపోతే 4625లో సోర్స్ నెట్‌వర్క్ అడ్రస్ చూడాలి. అక్కడ ఆఫీసుకు చెందని బయటి ఐపీలు కనిపిస్తే లాగిన్ సమస్యను పక్కన పెట్టి, రౌటర్‌లో 3389కి పెట్టిన పోర్ట్ ఫార్వర్డింగ్‌ను వెంటనే తీసేయాలి. ఇంటర్నెట్‌కు తెరిచిన ఆ పోర్టు మీద పాస్‌వర్డ్‌లు ఊహించి కొట్టే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు నడుస్తుంటాయి. అడ్మినిస్ట్రేటర్ అన్న పేరు వాటి మొదటి ఊహ.

అప్‌డేట్ తర్వాత ఆగిపోతే

2018 మే అప్‌డేట్ తర్వాత "ఎన్‌క్రిప్షన్ ఒరాకిల్ రెమిడియేషన్" అన్న సందేశంతో చాలా ఆఫీసుల్లో రిమోట్ డెస్క్‌టాప్ ఒక్కసారిగా ఆగింది. క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ లోపానికి మార్చిలో ప్యాచ్ వచ్చింది, మేలో ప్యాచ్ లేని మెషీన్లతో మాట్లాడకుండా డిఫాల్ట్ మారింది. ఈ సందేశం ఇవాళ కనిపించిందంటే రెండింట్లో ఒకటి ఏళ్లుగా అప్‌డేట్ కాలేదు. క్లయింట్‌లో పాలసీని వల్నరబుల్‌కు మార్చమనే చిట్కా ఇప్పటికీ తిరుగుతోంది. అది ఒకసారి లోపలికి వెళ్లి అవతలి మెషీన్‌ను అప్‌డేట్ చేసుకోవడానికి మాత్రమే, ఆ వెంటనే వెనక్కి తిప్పేయాలి.

దీనికన్నా కొత్తది, చిన్న ఆఫీసులను నేరుగా తాకేది ఇంకోటి ఉంది. ఒక మెషీన్‌లో అన్నీ ఇన్‌స్టాల్ చేసి, ఆ డిస్క్‌నే మిగతావాటికి క్లోన్ చేయడం చాలామందికి అలవాటు. సిస్‌ప్రెప్ (మెషీన్ సొంత గుర్తింపులను తుడిచేసే విండోస్ పనిముట్టు) చేయకుండా క్లోన్ చేస్తే మెషీన్లన్నిటికీ ఒకే ఎస్‌ఐడీ (విండోస్ ఇచ్చే గుర్తింపు నంబరు) ఉంటుంది. ఇన్నాళ్లూ దానివల్ల పెద్ద ఇబ్బంది కనిపించలేదు. 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన అప్‌డేట్లతో విండోస్ 11 24హెచ్2, 25హెచ్2, సర్వర్ 2025 ఒకే ఎస్‌ఐడీ ఉన్న మెషీన్ల మధ్య లాగిన్‌ను తిరస్కరిస్తున్నాయి. పాస్‌వర్డ్ ఎంత సరిగ్గా ఉన్నా మళ్లీ మళ్లీ అడుగుతుంది, షేర్డ్ ఫోల్డర్లు కూడా అదే తీరులో తెరుచుకోవు. సిస్టమ్ లాగ్‌లో 6167 ఈవెంట్ కనిపిస్తే ఇదే. ఎస్‌ఐడీ చూడటానికి రెండు మెషీన్లలోనూ లోకల్ ఖాతాతో హూయామ్‌ఐ స్లాష్ యూజర్ కొట్టి, చివరి భాగం వదిలేసి మిగతా పొడుగాటి నంబరు పోల్చాలి. సరైన పరిష్కారం సిస్‌ప్రెప్‌తో మెషీన్‌ను మళ్లీ తయారుచేయడమే.

డొమైన్‌లో గడియారం కూడా లాగిన్‌ను ఆపుతుంది. డొమైన్‌లో గుర్తింపు సరిచూసే కెర్బరోస్ పద్ధతి డిఫాల్ట్‌గా 5 నిమిషాల తేడా వరకే సహిస్తుంది. మదర్‌బోర్డ్ మీది నాణెం బ్యాటరీ అయిపోయిన పాత డెస్క్‌టాప్ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పాత తేదీకి వెళ్లిపోతుంది. అయితే సమయం తేడా ఉందని చెప్పే ఎర్రర్ డీఎన్‌ఎస్ తప్పుగా ఉన్నప్పుడూ వస్తుంది. గడియారాలు రెండూ సరిగ్గా ఉంటే ఆ సందేశాన్ని వదిలేసి డీఎన్‌ఎస్ దగ్గరికి వెళ్లాలి. డొమైన్ కంట్రోలర్‌ను సంప్రదించలేకపోయామని వస్తే, డీఎన్‌ఎస్ చూశాక టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌ఛానెల్ కమాండ్ నడపాలి. ఫాల్స్ వస్తే అదే కమాండ్‌కు రిపేర్ ఆప్షన్ జోడించి, డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇస్తే సంబంధం తిరిగి కలుస్తుంది. డొమైన్ నుంచి తీసి మళ్లీ చేర్చే శ్రమ చాలాసార్లు తప్పుతుంది.

లోపలికి వచ్చాక ఆగితే

డెస్క్‌టాప్ విండోస్‌లో ఒకసారికి ఒక్కరే పనిచేయగలరు. రెండోవాళ్లు వస్తే మొదటివాళ్ల తెర లాక్ అవుతుంది. ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ "కనెక్షన్ తెగిపోతోంది" అని ఫిర్యాదు చేయడం చిన్న ఆఫీసుల్లో నెట్‌వర్క్ సమస్యగా చెలామణి అవుతుంది. సర్వర్‌లో పరిపాలన పనికి రెండు సెషన్లు ఉచితం. మూడోవాళ్లకు చోటు లేకపోతే క్యూయూజర్ కమాండ్‌తో ఎవరు డిస్కనెక్టెడ్‌గా ఉన్నారో చూసి, లాగాఫ్ కమాండ్‌కు ఆ సెషన్ నంబరు ఇవ్వాలి. అందులో సేవ్ చేయని ఫైళ్లు పోతాయి, కాబట్టి ముందు ఆ మనిషిని అడగాలి.

ఎక్కువమంది వాడేందుకు రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ రోల్ పెట్టిన సర్వర్ 120 రోజులు లైసెన్స్ లేకుండా నడుస్తుంది. నాలుగు నెలలు హాయిగా నడిచి ఒక ఉదయం అందరికీ ఒకేసారి ఆగిపోతే, పాస్‌వర్డ్‌లు కాదు, ఈ గడువు చూడాలి. లైసెన్స్ కొన్నాక కూడా ఒక తప్పు జరుగుతుంది. డొమైన్ లేని ఆఫీసులో పర్ యూజర్ లైసెన్సులు పెడితే సర్వర్ 2019 నుంచి సెషన్ 60 నిమిషాలకు తెగిపోతుంది. వర్క్‌గ్రూప్‌లో, అంటే డొమైన్ లేనిచోట, పర్ డివైస్ లైసెన్సులే సరైనవి.

నల్ల తెర వచ్చి ఆగితే కంట్రోల్, ఆల్ట్, ఎండ్ నొక్కాలి. డిలీట్ నొక్కితే మన మెషీన్‌కే తగులుతుంది. టాస్క్ మేనేజర్ వస్తే సెషన్ బతికే ఉంది, అక్కడి నుంచి ఎక్స్‌ప్లోరర్‌ను మళ్లీ నడపొచ్చు. టాస్క్ మేనేజర్ కూడా రాకపోతే ఆ సెషన్‌ను వేరే అడ్మిన్ ఖాతాతో లాగాఫ్ చేయించాలి. లోపలికి వచ్చాక డెస్క్‌టాప్ మీద ఫైళ్లేవీ కనిపించకపోతే తాత్కాలిక ప్రొఫైల్‌లో పడ్డట్టు. అక్కడ కొత్తగా సేవ్ చేసినవి సైన్ ఔట్‌తో పోతాయని ఆ మనిషికి వెంటనే చెప్పాలి. సీ డ్రైవ్ నిండిపోవడం దీనికి తరచుగా ఉండే కారణాల్లో ఒకటి.

ఇంటి నుంచి వచ్చేవాళ్లు

వీపీఎన్ కలిసినా ఆఫీసు మెషీన్ దొరకకపోతే మొదట రెండు వైపులా ఐపీ పరిధులు చూడాలి. ఇంట్లో, ఆఫీసులో రెండుచోట్లా 192.168.1 తో మొదలయ్యే అడ్రసులే ఉంటే, క్లయింట్ ఆఫీసు ఐపీని ఇంట్లోనే వెతుక్కుంటుంది. ఇంటి రౌటర్లు ఒక్కొక్కటిగా మార్చేకన్నా ఆఫీసు పరిధిని 10.37.52 లాంటి అరుదైనదానికి మార్చడం మేలు. పేరుతో కుదరక ఐపీతో కుదిరితే వీపీఎన్ ఆఫీసు డీఎన్‌ఎస్‌ను అందించట్లేదు. అలాగని ఐపీతో సరిపెట్టుకుంటే, డొమైన్‌లో కెర్బరోస్ బదులు ఎన్‌టీఎల్‌ఎమ్ అనే పాత గుర్తింపు పద్ధతి వాడాల్సి వస్తుంది, ప్రొటెక్టెడ్ యూజర్స్ గ్రూపులో ఉన్న అడ్మిన్లకు అది అసలు చెల్లదు.

పాస్‌వర్డ్ ఒప్పుకుని, తెర రాబోతూ గడ్డకట్టుకుపోయి తెగిపోతే ప్యాకెట్ సైజు అనుమానించాలి. పింగ్‌ను ముక్కలు చేయవద్దనే ఆప్షన్‌తో 1472 సైజుకు పంపితే, 28 బైట్ల హెడర్ కలిసి 1500 అవుతుంది. వీపీఎన్ మీద అంత పెద్దది వెళ్లదు. 1472 నుంచి పది పది తగ్గిస్తూ ఎక్కడ జవాబు మొదలవుతుందో చూసి, దానికి 28 కలిపి వీపీఎన్ కార్డ్ ఎమ్‌టీయూగా (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజుగా) పెట్టాలి. దీనికి పింగ్ అనుమతి ఉన్న మెషీన్ కావాలి. రిమోట్ డెస్క్‌టాప్ టీసీపీతో మొదలై కుదిరితే యూడీపీకి (చేరిందన్న జవాబు కోసం ఆగకుండా పంపే పద్ధతికి) కూడా వెళ్తుంది. కొన్ని వీపీఎన్‌లు యూడీపీని సగం సగం దాటనిస్తాయి. క్లయింట్ పాలసీలో యూడీపీని ఆపి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఎమ్‌టీయూ సరిచేశాక యూడీపీని మళ్లీ ఆన్ చేసి చూడాలి, ఎందుకంటే నాణ్యత లేని లైన్ల మీద తెర చురుగ్గా కదిలేది దానివల్లే.